ఖాళీ నోడ్లతో పాటు తీగలూ లెక్కపెట్టాలి

ఎచ్చెర్లలోనో, రాజాంలోనో, విజయనగరంలోనో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు అనుకోండి. 40 డెస్క్‌టాపులు, 24 పోర్టుల గిగాబిట్ స్విచ్చులు రెండు. తూర్పు గోడ పక్క స్విచ్‌కి 20 మెషీన్లు, పడమటి గోడ పక్క స్విచ్‌కి 20. రెండు స్విచ్చుల్నీ కలిపేది ఒకే ఒక్క ప్యాచ్ కార్డు. సాయంత్రం క్లాసులయ్యాక వాటినే లైనక్స్‌లోకి బూట్ చేసి, స్లర్మ్ (ఏ పనిని ఏ మెషీన్ల మీద ఎప్పుడు నడపాలో తేల్చే షెడ్యూలర్) పెట్టి, అన్నీ కలిసి ఒకే లెక్క చేసే క్లస్టర్‌గా వాడుకుంటారు. స్లర్మ్ చూస్తుంది, 16 నోడ్లు, అంటే మెషీన్లు, ఖాళీ. కెమిస్ట్రీవాళ్ల 16 నోడ్ల జాబు ఎక్కించేస్తుంది. ఆ పదహారులో ఎనిమిది తూర్పున, ఎనిమిది పడమట ఉన్నాయన్న సంగతి దానికి తెలీదు. ఎవరూ చెప్పలేదు మరి. నిన్న రెండు గంటల్లో అయిన జాబు ఇవాళ మూడున్నర గంటలు దాటుతుంది. కోడు అదే, డేటా అదే. "సర్వర్ స్లో" అని అందరూ ఒక మాట అనుకుని ఊరుకుంటారు. ఇంకొన్నాళ్లకి కొత్త నెట్‌వర్క్ కొనాలని కొటేషన్లు పిలుస్తారు.

కొటేషన్లు పిలిచే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏ మెషీను ఏ స్విచ్ కింద ఉందో షెడ్యూలర్‌కి రాసివ్వాలి. దానికయ్యే ఖర్చు ఒక పూట పని, మూడు లైన్ల ఫైలు. అదయ్యాక ఇంకో జాగ్రత్త కూడా ఉంది: "నా జాబుకి నోడ్లన్నీ ఒకే స్విచ్ కింద కావాలి" అని ప్రతివాళ్లూ పట్టుబట్టకుండా చూసుకోవాలి. మొదటిది చెయ్యక నష్టపోయేవాళ్లే ఎక్కువ గానీ, రెండోది మరిచిపోయి క్యూని పాడు చేసుకునేవాళ్లూ తక్కువేం కాదు.

ఇదంతా పెద్ద మెషీన్ల గొడవ, మన నలభై డబ్బాలకెందుకు అని చాలామంది అంటారు. లెక్క వేస్తే వ్యవహారం తలకిందులుగా కనిపిస్తుంది. 36 పోర్టుల ఇన్ఫినీబ్యాండ్ ఈడీఆర్ (క్లస్టర్లలో వాడే వేగమైన నెట్‌వర్క్) స్విచ్చులతో 72 నోడ్ల క్లస్టర్ కట్టారనుకుందాం. కింద మూడు లీఫ్ స్విచ్చులు, ఒక్కోదానికి 24 నోడ్లు, 12 తీగలు పైకి. పైన ఒక స్పైన్ స్విచ్. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు, దాని పోర్టులన్నీ సరిగ్గా నిండిపోతాయి. కింద 24 తీగల బలం, పైకి 12 తీగల బలం. అంటే రెండుకి ఒకటి. కాస్త సర్దుకుంటే నడిచిపోయే నిష్పత్తే అది. మన ల్యాబులో? కింద 20 తీగలు, అవతలికి వెళ్లేది ఒకటి. ఇరవైకి ఒకటి! పెద్ద క్లస్టర్‌లో నోడ్లు ఎలా పరిచినా కాస్తో కూస్తో చెల్లుతుంది, చిన్న ల్యాబులో చెల్లదు.

వంశధార ఆయకట్టు తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. పిల్ల కాలువల తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే పెద్ద కాలువ మోయలేదు, శివారు భూములకి నీరందదు. అందుకే వంతులు. కాకపోతే నీరు ఎప్పుడూ పై నుంచి కిందికే పారుతుంది. ఎంపీఐ (నోడ్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) జాబులో ప్రతి నోడూ ఇచ్చేదే, ప్రతి నోడూ పుచ్చుకునేదే. ఎవరు ఎవరికిస్తారన్నది జాబుని బట్టి మారుతుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది కాబట్టి అక్కడే కొంచెం ఎక్కువసేపు నిలబడదాం.

16 నోడ్ల జాబు, నోడ్‌కి ఒక ర్యాంకు (జాబులో ఒక భాగం నడిపే ప్రోగ్రాము), మధ్య తీగ ఒకటే, దాని మీద వేరే ఎవరూ లేరు అనుకుందాం. మొదట ఆల్‌టుఆల్, అంటే అందరూ అందరికీ పంపడం. క్వాంటమ్ ఎస్ప్రెస్సో లాంటి డీఎఫ్‌టీ కోడ్లలో (ఎలక్ట్రాన్ల సాంద్రతతో పదార్థాల గుణాలు లెక్కగట్టేవి) త్రీడీ ఎఫ్ఎఫ్‌టీ (డేటాని తరంగాలుగా విడదీసే లెక్క) చేసేదిదే. ప్రతి నోడూ మిగతా 15 మందికీ తలా ఒక ముక్క పంపుతుంది. నోడ్ సొంత తీగ మీద 15 ముక్కలు. జాబు ఎనిమిది ఎనిమిదిగా చీలితే మధ్య తీగ మీద ఒక్కో దిక్కున ఎనిమిది ఎనిమిదుల 64 ముక్కలు. 64ని 15తో భాగిస్తే 4.27. సమాచారం పంపుకోడానికి పట్టే సమయం నాలుగు రెట్లు దాటిపోయింది. పన్నెండు, నాలుగుగా చీలితే 48 ముక్కలు, 3.2 రెట్లు. మరి 15 ఒకవైపు, 1 ఒకవైపు పడితే? మధ్య తీగ మీద 15 ముక్కలే. ఆ ఒంటరి నోడ్ సొంత తీగ మీద కూడా పదిహేనే. నష్టం సున్నా! చెరిసగం పంచితే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది గానీ ఆల్‌టుఆల్‌కి అంతకంటే చెడ్డ పంపకం లేదు.

ఇప్పుడు వాతావరణం మోడల్ తీసుకోండి. డబ్ల్యూఆర్ఎఫ్ లాంటివి మ్యాపుని గళ్లుగా కోసి, ప్రతి గడి అంచుల్నీ పక్క గళ్లతో మాత్రమే పంచుకుంటాయి. దీన్ని హేలో మార్పిడి అంటారు. 16 నోడ్లు 4×4 గళ్లు. మధ్యలో ఉన్న గడికి నలుగురు ఇరుగుపొరుగులు, కాబట్టి సొంత తీగ మీద 4 ముక్కలు. పై రెండు వరసలు తూర్పు స్విచ్‌లో, కింది రెండు పడమటి స్విచ్‌లో ఉంటే మధ్య తీగ దాటే అంచులు నాలుగే. ఇక్కడా నష్టం లేదు! చెరిసగం చీలినా, తీగ ఒక్కటే అయినా, ఈ జాబుకి ఏమీ కాదు. అదే నోడ్లు ఒకటి తూర్పు, ఒకటి పడమర, మళ్లీ తూర్పు, మళ్లీ పడమర అని పడితే అడ్డంగా ఉన్న 12 అంచులూ తీగ దాటాల్సిందే. మూడు రెట్లు. నోడ్లు అవే పదహారు, మారింది వరసే.

డీప్ లెర్నింగ్‌వాళ్ల రింగ్ ఆల్‌రెడ్యూస్‌లో (అందరి అంకెల్నీ కలిపి ఫలితాన్ని అందరికీ ఇవ్వడం) ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నోడ్లు చక్రంలా నిలబడి ప్రతి ఒక్కటీ తన పక్కదానికి పంపుతుంది. వరసగా నిలబడితే తీగ మీద ఒక్కో దిక్కున ఒకే ప్రవాహం. ఒకటి విడిచి ఒకటి నిలబడితే ఒక్కో దిక్కున ఎనిమిది. ఎనిమిది రెట్లు తేడా, పైసా ఖర్చు లేకుండా.

ఈ లెక్కల వల్ల నాకు తేలేదేమిటంటే, ఒకే స్విచ్ కింద పెట్టడమనేది కొన్ని జాబులకే అవసరం. వరస సరిగ్గా ఉండటం దాదాపు అన్నిటికీ అవసరం. వరస ఉచితం, స్విచ్ కోసం మాత్రం క్యూలో ఎదురు చూడాలి. అందుకని ముందు వరస సంగతి.

టోపాలజీ, అంటే ఏ నోడ్ ఏ స్విచ్ కింద ఉందన్నది, ఏమీ చెప్పకపోయినా స్లర్మ్ నోడ్లని గుడ్డిగా ఏరదు. కాన్ఫిగరేషన్‌లో నోడ్లు ఉన్న క్రమాన్ని ఒక గీతలా తీసుకుని, పక్కపక్కనే ఉన్న ఖాళీల్లో సరిగ్గా పట్టేదాన్ని వెతుకుతుంది. కాబట్టి పేర్లు స్విచ్చుల ప్రకారం పెడితే సగం పని అయిపోయినట్టే: 01 నుంచి 20 తూర్పు, 21 నుంచి 40 పడమర. కానీ ల్యాబుల్లో పేర్లు బెంచీల ప్రకారం పెడతారు. కేబుళ్లు వేసినవాళ్లు తీగ పొడవు కలిసొస్తుందని ఒక మెషీను ఇటు, ఒక మెషీను అటు లాగేస్తారు. దాంతో సరి సంఖ్యలన్నీ ఒక స్విచ్‌కి, బేసి సంఖ్యలన్నీ ఇంకో స్విచ్‌కి వెళ్లిపోతాయి. ఇంతకు ముందు చెప్పిన మూడు రెట్లు, ఎనిమిది రెట్లు నష్టాలు సరిగ్గా ఇలాంటి ల్యాబుల్లోనే వస్తాయి. హోస్ట్‌నేములు మార్చడమో కేబుళ్లు మార్చడమో, ఏది సులువైతే అది చెయ్యండి.

ఏ మెషీను ఏ స్విచ్‌కి వెళ్తోందో తెలుసుకోవడం ఎలా? మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్ అయితే దాని మ్యాక్ అడ్రస్ టేబుల్ (ఏ పోర్టులో ఏ మెషీను ఉందో రాసే పట్టిక) చూడాలి, లేదా నోడ్ల మీద ఎల్ఎల్‌డీపీ సర్వీసు నడిపితే స్విచ్ పేరు, పోర్టు నంబరు అదే చెబుతుంది. ఇన్ఫినీబ్యాండ్ అయితే ఐబీనెట్‌డిస్కవర్ అనే కమాండు మొత్తం చిత్రం ఇచ్చేస్తుంది. మామూలు చవక స్విచ్ అయితే ఒక్కో తీగా పట్టుకుని వెతుక్కోవాల్సిందే. తీగకి రెండు చివర్లా చీటీ కట్టడం అప్పుడే మొదలెట్టండి.

తరవాత ఫైలు. స్లర్మ్ కాన్ఫిగరేషన్‌లో టోపాలజీ ప్లగిన్‌ని 'టోపాలజీ/ట్రీ' చేసి, టోపాలజీ కాన్ఫ్ ఫైల్లో ఇలా రాయాలి (అసలు ఫైల్లో ఇంగ్లిషు అక్షరాలే ఉండాలి):

స్విచ్‌నేమ్=తూర్పు నోడ్స్=ల్యాబ్[01-20]
స్విచ్‌నేమ్=పడమర నోడ్స్=ల్యాబ్[21-40]
స్విచ్‌నేమ్=నడుమ స్విచెస్=తూర్పు,పడమర

'నడుమ' అన్న స్విచ్ నిజానికి లేదు, అక్కడున్నది ప్యాచ్ కార్డే. అయినా రాసి తీరాలి. రెండు లీఫులకీ పైన ఉమ్మడి స్విచ్ కనిపించకపోతే ఆ రెంటి మీదుగా ఏ జాబునీ స్లర్మ్ పరచదు. 24 నోడ్లు అడిగినవాళ్ల జాబు ఎప్పటికీ కదలదు. చాలామంది ఆ చివరి లైను వదిలేసి, ప్లగిన్ పని చెయ్యట్లేదని తీసేస్తారు. డీమన్లు (వెనక నడిచే స్లర్మ్ సర్వీసులు) రీస్టార్ట్ చేశాక 'ఎస్‌కంట్రోల్ షో టోపాలజీ' కొట్టి నలభై నోడ్లూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇక నుంచి స్లర్మ్ జాబు పట్టే అన్నిటికంటే కింది స్విచ్‌ని ముందు వెతుకుతుంది. దొరక్కపోతే పైకి వెళ్లి, లీఫుల్లో బాగా అతికే ఖాళీల్ని ఏరుకుంటుంది.

కొలత విషయంలో అందరూ పడే గొయ్యి ఒకటుంది. తూర్పు నుంచి ఒక నోడ్, పడమర నుంచి ఒక నోడ్ తీసుకుని బ్యాండ్‌విడ్త్ కొలుస్తారు. సెకనుకి 117 మెగాబైట్ల దాకా వస్తుంది, ఒకే స్విచ్‌లోని జంటకి వచ్చినంతే. "నెట్‌వర్క్ భేషుగ్గా ఉంది" అని రిపోర్టు రాసేస్తారు. రోడ్డు మీద ఒక్క బండే ఉంటే ఏ వంతెనైనా వెడల్పుగానే కనిపిస్తుంది కదా. ఓఎస్‌యూ మైక్రో బెంచ్‌మార్కుల్లో (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రాముల్లో) చాలా జంటల్ని ఒకేసారి నడిపే పరీక్ష ఒకటుంది, దాని పేరు ఎంబీడబ్ల్యూ-ఎంఆర్. అది ర్యాంకుల్లో మొదటి సగాన్ని రెండో సగంతో జతపరుస్తుంది. హోస్ట్‌ఫైల్లో (నోడ్ల జాబితాలో) ముందు తూర్పు 20, తరవాత పడమర 20 రాసి నడిపితే జంటకి 6 మెగాబైట్లు కూడా రావు. ఆ అంకె ప్రింటు తీసి ల్యాబు తలుపుకి అంటించవచ్చు.

తీగలు పెంచితే సరిపోదా అంటారా? పెంచండి, తప్పకుండా. ఒక స్విచ్‌లో 20 నోడ్లు, ఫైల్ సర్వర్‌కి ఒకటి పోను మూడు పోర్టులు మిగులుతాయి. మూడు తీగలు వేస్తే నిష్పత్తి ఏడుకి ఒకటి లోపుకి దిగుతుంది. కానీ రెండో తీగ ఊరికే గుచ్చితే స్పానింగ్ ట్రీ (లూపు రాకుండా స్విచ్ చూసుకునే ఏర్పాటు) దాన్ని మూసేస్తుంది, లాభం లేదు. స్పానింగ్ ట్రీ లేని చవక స్విచ్చులైతే లూపు ఏర్పడి బ్రాడ్‌కాస్ట్ తుఫాను లేస్తుంది, ల్యాబు మొత్తం పడుకుంటుంది. లింక్ అగ్రిగేషన్ (చాలా తీగల్ని ఒకటిగా వాడటం) వచ్చిన స్విచ్చులే కావాలి. అందులోనూ ఒక ప్రవాహం ఎప్పుడూ ఒకే తీగ మీద పోతుంది; ఏ తీగ అన్నది అడ్రసుల హ్యాష్ (అడ్రసుల నుంచి లెక్కగట్టే అంకె) తేలుస్తుంది. రెండు పెద్ద ప్రవాహాలు ఒకే తీగ మీద పడి, పక్క తీగ ఖాళీగా ఉండటం మామూలే. ఇన్ఫినీబ్యాండ్‌లోనూ స్టాటిక్ రూటింగ్ ఉన్నన్నాళ్లూ ఇదే జబ్బు: గమ్యాన్ని బట్టి పై తీగ ముందే ఖాయమైపోతుంది. ఇందాకటి 72 నోడ్ల క్లస్టర్‌లో ఇంకో లీఫులోని 24 గమ్యాలు 12 తీగల మీద సర్దుకోవాలి, తీగకి రెండు. జాబుకి దొరికిన ఎనిమిది నోడ్లు సరిగ్గా జంటలుగా కుదిరాయా, పన్నెండు తీగల్లో నాలుగే పని చేస్తాయి. పోర్ట్ కౌంటర్లలో 'ఎక్స్‌మిట్ వెయిట్' (పంపడానికి ఎదురు చూసిన లెక్క) అన్నది జాబు నడుస్తుండగా గబగబా పెరుగుతుంటే పరిస్థితి ఇదేనని అనుమానించాలి.

ఇక ఎదురుచూపు. ఎస్‌బ్యాచ్‌లో (జాబు పంపే కమాండులో) 'స్విచెస్=1@4:00:00' అని రాస్తే, ఒకే స్విచ్ దొరికేదాకా నాలుగు గంటలు ఆగు, ఆ తరవాత ఎక్కడైనా సరే అని అర్థం. ఇందులో తెలీకుండా కొట్టే దెబ్బ ఒకటుంది. షెడ్యూలర్ పారామీటర్లలో 'మ్యాక్స్ స్విచ్ వెయిట్' డిఫాల్టుగా 300 సెకన్లు. యూజర్ నాలుగు గంటలు రాసినా ఐదు నిమిషాలకే గడువు తీరి, జాబు చీలిపోయి ఎక్కుతుంది. అడ్మిన్ దాన్ని 14400 చేస్తే గానీ నాలుగు గంటలకి విలువ లేదు.

ఎంతసేపు ఆగాలి? ఆగినందుకు ఎంత మిగులుతుందో అంతకంటే తక్కువ. ఆరు గంటల డీఎఫ్‌టీ జాబులో నాలుగో వంతు సమయం ఆల్‌టుఆల్‌కి పోతుందనుకుంటే, చెరిసగం చీలినప్పుడు ఆ నాలుగో వంతు 4.27 రెట్లయి మొత్తం 10.9 గంటలవుతుంది. దాదాపు ఐదు గంటలు మిగిలే చోట రెండు మూడు గంటలు ఆగడం తెలివైన పనే. వరసగా పేర్చిన హేలో జాబుకి మిగిలేది సున్నా, కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆగక్కర్లేదు. రెండుకి ఒకటి నిష్పత్తి ఉన్న ఇన్ఫినీబ్యాండ్‌లో 5 శాతం తేడా కొలిస్తే ఆరు గంటలకి 18 నిమిషాలు. పావుగంట మించి ఆగడం దండగ. ఈ లెక్క లేకుండా టెంప్లేట్ స్క్రిప్టులో 'స్విచెస్=1' పెట్టి పిల్లలందరికీ పంచేస్తే, అక్కర్లేనివాళ్లు కూడా ఆగుతారు, నోడ్లు ఖాళీగా నిద్రపోతాయి. ఇంకోటి, 20 నోడ్ల స్విచ్‌లో 20 నోడ్ల జాబు అడగొద్దు. స్విచ్‌కి ఒక్క మెషీను చొప్పున ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) పోయిందంటే, బాగు చేసేదాకా ఒకే స్విచ్‌లో 20 దొరకవు, ప్రతిసారీ గడువంతా ఆగి చీలిపోతుంది. 18 అడగడం నయం.

స్విచ్చులు చిల్లులు పడటానికి అసలు కారణం పెద్ద జాబులు అనుకుంటాం గానీ, చాలాసార్లు ఒకే నోడ్ చాలే చిన్న జాబులే. బ్యాక్‌ఫిల్ (పెద్ద జాబు ఆగుతుండగా చిన్నవాటిని ముందు పంపే ఏర్పాటు) వాటిని దొరికిన సందులో దూరుస్తుంది. అవి రెండు స్విచ్చుల్లోనూ తలా ఎనిమిది కూర్చుంటే, 24 నోడ్లు ఖాళీ ఉన్నా ఒకే స్విచ్ కింద పదహారు లేవు. మందు తేలికే: చిన్న జాబులకి పడమటి నోడ్లు మాత్రమే ఉన్న వేరే పార్టిషన్ (నోడ్ల గుంపు) ఇవ్వండి. సింగిల్ కోర్ జాబులుంటే 'ప్యాక్ సీరియల్ ఎట్ ఎండ్' పెట్టండి, జాబితా చివరి నుంచి సర్దుతుంది. తక్కువ లోడున్న నోడ్ ఎంచుకో అనే ఎల్ఎల్ఎన్ సెట్టింగు పొరపాటున ఆన్ చేసి ఉంటే ఆపెయ్యండి, అది చిన్న జాబుల్ని ల్యాబంతా చల్లుతుంది.

ఫైల్ సర్వర్‌ని అందరూ మరిచిపోతారు. ఎన్ఎఫ్ఎస్ సర్వర్ తూర్పు స్విచ్‌కి తగిలించి ఉంటే, పడమటి నోడ్లు రాసే ప్రతి బైటూ ఆ ఒక్క తీగ మీదుగానే పోతుంది. పడమటి పక్క ఎవరో పెద్ద చెక్‌పాయింట్ (మధ్యలో దాచుకునే ఫలితం) రాస్తుంటే, చీలిపోయిన ఎంపీఐ జాబు ఊపిరాడక కొట్టుకుంటుంది. అలాంటప్పుడు డిస్కు ఎక్కువ వాడే జాబుల్ని తూర్పుకీ, ఎంపీఐ ఎక్కువ వాడేవాటిని పడమరకీ పంపడం మేలు. అంటే చిన్న జాబుల పార్టిషన్ ఎటు పెట్టాలో కూడా సర్వర్ ఎటుందో చూశాకే తేల్చుకోవాలి. లేదా సర్వర్‌కి రెండో నెట్‌వర్క్ కార్డు వేసి, రెండు సబ్‌నెట్లుగా రెండు స్విచ్చులకీ కలపండి, ఈ తలనొప్పే ఉండదు.

పెద్ద మెషీన్ల అనుభవం రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, క్రే ఎక్స్‌ఈ సూపర్ కంప్యూటర్ మీద సమాచారం ఎక్కువ పంపుకునే ఒక జాబు తన సగటు కంటే 28 శాతం త్వరగా, 41 శాతం ఆలస్యంగా కూడా ముగిసింది. పక్క జాబులు అవే తీగలు వాడటం దానికి ముఖ్యకారణం. బ్లూ జీన్ మెషీన్లలో ఆ తేడా దాదాపు లేదు, ఎందుకంటే అక్కడ ఒక్కో జాబుకీ నెట్‌వర్క్ ముక్క విడిగా కోసిస్తారు. దానికి మూల్యం, సరైన ఆకారంలో ముక్క దొరికేదాకా క్యూలో కూర్చోవడం. వాతావరణ అంచనాల సూపర్ కంప్యూటర్లు పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ 2018లో మొదలైనప్పుడు రెండూ క్రే ఎక్స్‌సీ40లే; వాటి నెట్‌వర్క్ డ్రాగన్‌ఫ్లై రకం (స్విచ్చుల్ని గ్రూపులుగా చేసి, గ్రూపుల మధ్య తీగలు వేసేది). డ్రాగన్‌ఫ్లైలో దగ్గరగా పెట్టడం ఎప్పుడూ మంచిదన్న నియమమే చెల్లదు. గ్రూపు లోపల తీగలు దండిగా ఉంటాయి, ఒక గ్రూపు నుంచి మరో గ్రూపుకి నేరుగా పోయేవి కొన్నే. పెద్ద జాబుని సరిగ్గా రెండు గ్రూపుల్లో కుక్కితే ఆ కొన్ని తీగలే గొంతు పిసుకుతాయి. చాలా గ్రూపుల మీద చల్లితే అడాప్టివ్ రూటింగ్‌కి (రద్దీ చూసి దారి మార్చే పద్ధతికి) దారులు దొరుకుతాయి. అయితే అలా చల్లిన పెద్ద జాబు, తక్కువ మాట్లాడే చిన్న జాబుల్ని తొక్కేస్తుంది. నెట్‌వర్క్ తెలిసి పెట్టడం అంటే దగ్గరగా పెట్టడం అని అనువాదం చేసుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

మన తీరానికి ఇవి ఉత్తి అంకెలు కావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫానుకి 3 కిలోమీటర్ల గళ్లతో డబ్ల్యూఆర్ఎఫ్ నడపాలంటే, గడి కిలోమీటరుకి 6 సెకన్ల చొప్పున స్టెప్పు 18 సెకన్లు. 72 గంటల అంచనాకి 14,400 స్టెప్పులు. ఒక్కో స్టెప్పులో హేలో మార్పిడులు పదుల్లో ఉంటాయి. నోడ్ల వరస చెడి స్టెప్పుకి పావు సెకను అదనంగా పోయిందంటే సరిగ్గా గంట ఆలస్యం. కాలేజీ ల్యాబులో నడిపేది ప్రాజెక్టు కోసమే కావచ్చు. అధికారిక అంచనాలు వేరే చోటి నుంచి వస్తాయి, రావాలి కూడా. కానీ ఆ గంట పోయింది మోడల్ వల్ల కాదని విద్యార్థికి తెలిస్తే, గైడు చెప్పాడని గళ్లు పెద్దవి చేసి ఫలితాన్ని పలచన చేసుకోడు.

చివరిగా ఒక హెచ్చరిక. టోపాలజీ ఫైలు అబద్ధం చెబితే, ఫైలు లేకపోవడం కంటే ప్రమాదం. షెడ్యూలర్ దాన్ని నమ్మి, గంటలకొద్దీ ఆగి మరీ తప్పు నోడ్లని ఏరి కూర్చోబెడుతుంది. వేసవిలో పోర్టు పోయిందని తీగ పక్క స్విచ్‌కి మార్చినా, సెలవుల్లో బెంచీలు జరిపినా, ఎవరో పరీక్షల కోసం ల్యాబు విప్పి మళ్లీ కట్టినా ఫైలు పాతబడిపోయినట్టే. నెలకోసారి మ్యాక్ టేబుల్‌ని ఫైలుతో పోల్చే చిన్న స్క్రిప్టు క్రాన్‌లో (వేళకి పనులు నడిపే సర్వీసులో) పెట్టండి. తేడా కనిపిస్తే ఫైలు సరిచెయ్యండి, లేదా తీగని పాత చోటికి మార్చండి. చీటీ మీద మాత్రం బాల్ పెన్నుతో రాయొద్దు. మన ఉక్కపోతకి ఆర్నెల్లలో అక్షరం చెరిగిపోతుంది. పర్మనెంట్ మార్కరుతో రాసి, పైన పారదర్శకమైన టేపు చుట్టండి.